సంఘం డబ్బు 62 వేలు: నిర్ణయం ఎవరిది, ఎలా తీసుకోవాలి?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మా ఊరి యువజన సంఘానికి ఈ ఏడాదే నన్ను ప్రెసిడెంట్‌ని చేశారు. సభ్యులం 40 మందిమి. వినాయక చవితి ఖర్చులు పోను 62 వేలు మిగిలాయి. కొందరు వచ్చే ఏడాది డీజేకి దాచుదామంటున్నారు, కొందరు క్రికెట్ కిట్ అంటున్నారు. నాకు మాత్రం చిన్న గ్రంథాలయం పెట్టాలని ఉంది. మూడు మీటింగులు అయ్యాయి, మూడూ గొడవతోనే ముగిశాయి. గట్టిగా చెబితే నియంత అంటున్నారు, వదిలేస్తే చేతకానివాడు అంటున్నారు. సరైన నిర్ణయం తీసుకోవడం ఎలా నేర్చుకోవాలి?

సమాధానం:

తమ్ముడూ, మాది తెనాలి వైపు, కృష్ణా కరకట్టకి దగ్గర్లో ఒక పల్లెటూరు. 22 ఏళ్ల వయసులో నన్నూ నీలాగే ప్రెసిడెంట్‌ని చేశారు. తర్వాత నెహ్రూ యువ కేంద్రం వాలంటీరుగా చుట్టుపక్కల సంఘాలతో పనిచేశాను. ఇప్పటికి పాతికేళ్లయింది. చవితి మిగులు డబ్బు దగ్గర చీలిపోయిన సంఘాలను చాలానే చూశాను. మీది అలా కాకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

మూడు మీటింగుల్లోనూ మీరు "ఈ డబ్బుతో ఏం చేద్దాం" అనే మొదలుపెట్టి ఉంటారు. దానికంటే ముందు తేలాల్సిన మాట ఒకటుంది. ఈ నిర్ణయం అసలు ఎవరిది? ఆ డబ్బు ఊళ్లో ఇంటింటికీ తిరిగి చందా పుస్తకం పట్టుకుని వసూలు చేసింది. ఇచ్చినవాళ్లు దేవుడి పేరు మీద ఇచ్చారు. దాన్ని క్రికెట్ కిట్‌కైనా గ్రంథాలయానికైనా మళ్లించాలంటే మీ 40 మంది చేతులెత్తినంత మాత్రాన సరిపోదు. లెక్కాపత్రం రాసి రామాలయం గోడకి అంటించి, "ఇంత మిగిలింది, ఇలా ఖర్చు పెట్టాలనుకుంటున్నాం, అభ్యంతరం ఉంటే ఫలానా తేదీలోపు చెప్పండి" అని ఊరికి చెప్పాలి. చందా ఇచ్చిన పెద్దలతో ఒక మాట అనాలి. ఇలా చేస్తే నీ పెత్తనం తగ్గిపోతుందేమో అనుకోకు. నీ ఒక్కడి నెత్తిన ఉన్న బరువు నలుగురి మీదకీ వెళుతుంది. రేపు ఎవరైనా "మా డబ్బు ఏం చేశారు" అంటే చూపించడానికి గోడ మీద కాగితం ఉంటుంది.

ఇంకొకటి కూడా అడగాలి. ఆ 62 వేలు చేతిలో ఉన్న డబ్బేనా? అందులో లడ్డూ వేలం పాట డబ్బు ఎంత? మా వైపు పాట పాడినాయన డబ్బు అక్కడికక్కడ కట్టడం తక్కువ. వచ్చే చవితిలోపు కడతాననడమే ఎక్కువ. రాని డబ్బు మీద కొట్టుకుని విడిపోయిన సంఘం ఒకటి నాకు తెలుసు. ఆ పాట డబ్బు ఇప్పటికీ వసూలు కాలేదు.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2001లో, నేను కొత్తగా ప్రెసిడెంట్ అయిన ఏడాది, ఆగస్టు 15న మా ఊళ్లో రక్తదాన శిబిరం పెడదామని అనుకున్నాను. మీటింగ్‌లో నేనే ముందు మాట్లాడాను. అరగంట సేపు ఉత్సాహంగా చెప్పాను. చివర్లో "అందరికీ ఓకేనా" అని అడిగితే ఎవరూ వద్దనలేదు. 60 మంది పేర్లు రాశాను. రక్తనిధి వాళ్లు 60 మందికి సరిపడా సంచులతో, సిబ్బందితో పొద్దున్నే వచ్చారు. చివరికి ఇచ్చింది 11 మంది. మాది డెల్టా, అది నాట్ల కాలం. కుర్రాళ్లలో సగం మంది తెల్లవారకముందే పొలంలో ఉన్నారు. వచ్చిన వాళ్లలో కొందరు ఖాళీ కడుపుతో వచ్చారు, ఇద్దరికి పద్దెనిమిది నిండలేదు, కొందరు 45 కేజీల బరువు లేరు, ఇంకొందరికి హిమోగ్లోబిన్ 12.5 లేదు. డాక్టరు గారు ఒక్కొక్కరినీ వెనక్కి పంపుతుంటే నేను స్కూలు వరండాలో తల దించుకుని నిలబడ్డాను.

ఆ సాయంత్రం మా సంఘంలో ఒక కౌలు రైతు కొడుకు నా దగ్గరికి వచ్చి, "అన్నా, నాట్లప్పుడు ఎవరూ రారని నాకు తెలుసు" అన్నాడు. మరి మీటింగ్‌లో ఎందుకు చెప్పలేదురా అంటే, "నువ్వు అంత ఇష్టంగా చెబుతుంటే ఎలా కాదనను?" అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లయినా నాకు గుర్తే. కావాల్సిన సమాచారం ఆ గదిలోనే, నాకు నాలుగడుగుల దూరంలోనే ఉంది. నేను ముందే మాట్లాడేయడంతో అది బయటికి రాలేదు. మన వాళ్లకి మొహమాటం ఎక్కువ. ఇష్టమైన మనిషి మాట కాదనలేరు, పెద్దవాడి మాటకి ఎదురు చెప్పరు. అందుకే మన దగ్గర మౌనాన్ని అంగీకారం అనుకుంటే దెబ్బ తింటాం.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న నియమం, నాయకుడు చివర్లో మాట్లాడాలి. నీ గ్రంథాలయం సంగతి మూడు మీటింగుల్లోనూ నువ్వే మొదట ఎత్తావా, గుర్తు తెచ్చుకో. ఎత్తి ఉంటే ఆ క్షణం నుంచే నువ్వు ప్రెసిడెంట్‌గా కాకుండా ఒక పార్టీ మనిషిగా కనిపించి ఉంటావు. డీజే అన్నవాళ్లు డీజే గురించి మాట్లాడటం మానేసి నీతో పోటీ పడటం మొదలుపెట్టి ఉంటారు. వచ్చే మీటింగ్‌లో నోరు విప్పకముందే అందరికీ తలా ఒక చీటీ ఇవ్వు. పేరు రాయొద్దని చెప్పు. రెండు విషయాలే రాయమను. ఒకటి, డబ్బు దేనికి వాడాలి. రెండు, అలా వాడితే ఎక్కడ ఇబ్బంది రావచ్చు. ఈ రెండోదే అసలైంది.

దాని విలువ పక్క ఊళ్లో చూశాను. అక్కడి కుర్రాళ్లు వాలీబాల్ కోర్టుకి లైట్లు పెట్టాలనుకున్నారు. అందరూ సై అంటున్నారు, డబ్బు కూడా సిద్ధంగా ఉంది. అయినా చీటీలు రాయిద్దామని నేనే పట్టుబట్టాను. స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే గది నుంచి ఒక స్టీలు డబ్బా తెచ్చి అందులో వేయించాం. నోట్‌బుక్కు కాగితం నాలుగు మడతలు పెట్టిన ఒక చీటీలో ఇలా ఉంది: "లైట్లు పెడితే రాత్రి అక్కడ కూర్చుని మందు తాగుతారు. మా ఇల్లు పక్కనే." చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఇంటి అమ్మాయి కూడా సంఘంలో సభ్యురాలే. నాలుగు మీటింగులకి వచ్చి ఒక్క మాట కూడా అనలేదు. లైట్లు ఆపేయలేదు. స్విచ్ బోర్డు తీసుకెళ్లి ఆ పక్కింటి అరుగు మీద బిగించారు. రాత్రి తొమ్మిదికి ఆ ఇంటి పెద్దావిడ లైట్లు ఆపేస్తుంది. ఆ చీటీ లేకపోతే లైట్లు వచ్చేవి, గొడవా వచ్చేది, ఆర్నెల్లలో ఎవరో ఒకరు బల్బులు పగలగొట్టేవాళ్లు.

ఇక మీ మీటింగ్ ఎక్కడ, ఎన్ని గంటలకి పెడుతున్నారు? నువ్వు రాయలేదు కానీ చాలా ఊళ్లలో లాగే రాత్రి తొమ్మిదికి రామాలయం అరుగు మీద అయ్యుంటుందనుకుంటున్నాను. ఆ వేళకి ఆడపిల్లలు రారు. షిఫ్టు డ్యూటీ చేసే కుర్రాళ్లు రాలేరు. ఎస్సీ కాలనీ కుర్రాళ్లు ఆ అరుగు దాకా వచ్చి దూరంగా బండి మీదే కూర్చుంటారు. వాళ్లని ఎవరూ రావద్దని చెప్పి ఉండరు. అయినా ఆ చోటు అలాంటిది. అందుకే మీటింగ్ చోటు, వేళ నిర్ణయించినప్పుడే సగం నిర్ణయం అయిపోతుంది. మా ఊళ్లో ఆదివారం సాయంత్రం నాలుగింటికి ప్రభుత్వ పాఠశాలకి మార్చాక వచ్చే మనుషులు మారారు, మాట్లాడే విషయాలు మారాయి. మొదటిసారి తాగునీటి ట్యాంకు శుభ్రం చేయించాలన్న మాట వచ్చింది అక్కడే. అంతకుముందు రెండేళ్లలో ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు, ఎందుకంటే నీళ్లు మోసేవాళ్లు మీటింగ్‌లో లేరు. వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టి తేల్చేద్దామని కూడా అనుకోవద్దు. మీటింగ్ వేళ తెలుసుకోవడానికి పోల్ బాగుంటుంది. డబ్బు సంగతులు మనుషులు ఎదురెదురుగా కూర్చునే తేలాలి.

చీటీలు చదివాక వెంటనే ఓటింగ్‌కి వెళ్లకు. వచ్చిన ఆలోచనలన్నింటినీ ఒక్కటే ప్రశ్నతో జల్లెడ పట్టు. ఇది తప్పని తేలితే వెనక్కి రాగలమా? రాగలిగేవాటికి ఎక్కువ తర్జనభర్జన అక్కర్లేదు, చేసి చూడొచ్చు. రాలేని వాటికి మాత్రం టైమ్ తీసుకోవాలి, ఎక్కువ మందిని అడగాలి. ఊళ్లో ఈ రెండింటికీ గీత ఎక్కడ పడుతుందో నేను చూసినంతలో చెబుతాను, అడ్వాన్స్ ఇచ్చిన చోట. డీజే సెట్‌కి, విగ్రహానికి, బీరువాకి ఒకసారి అడ్వాన్స్ ఇచ్చాక మనసు మారినా డబ్బు తిరిగి రాదు. అందుకే అడ్వాన్స్ ఇచ్చే రోజుని నిర్ణయం జరిగే రోజుగా భావించు.

గ్రంథాలయాన్నే తీసుకో. 62 వేలూ పెట్టి గదికి రంగులు, ఇనుప ర్యాకులు, బోర్డు, పుస్తకాల సెట్టు కొంటే వెనక్కి రాలేవు. అలా కాకుండా మూడు నెలలు చేసి చూద్దామను. పంచాయతీ ఆఫీసులోనో, స్కూల్లోనో ఒక బల్ల అడుగు. రెండు దినపత్రికలు, ఉద్యోగ ప్రకటనల పత్రిక ఒకటి వేయించు. ఇళ్లలో మూలపడ్డ పోటీ పరీక్షల పుస్తకాలు సేకరించు. రోజూ ఎంతమంది వచ్చారో ఒక నోట్‌బుక్కులో సంతకం పెట్టించు. మూడు నెలల్లో రోజుకి పదిమంది కూడా రాకపోతే నీ ఇష్టాన్ని నువ్వు పక్కన పెట్టాలి. వస్తే డీజే అన్నవాళ్లకి నువ్వు వాదించి చెప్పాల్సిన పని ఉండదు, ఆ నోట్‌బుక్కే చెబుతుంది. మా ప్రాంతంలో 1935లో పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. భవనం కట్టి జనం వచ్చేదాకా కూర్చోకుండా, పుస్తకాలనే పడవెక్కించి జనం దగ్గరికి తీసుకెళ్లారు. చిన్నప్పటి నుంచి పెద్దవాళ్లు చెప్పగా విన్న సంగతి ఇది. నిర్ణయాల గురించి మాట్లాడాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు ఆ పడవే గుర్తొస్తుంది.

డీజే విషయంలో ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొన్ని సంగతులు మీ ఓటుకి అందేవి కావు. శబ్ద కాలుష్యం మీద 2000 సంవత్సరంలో వచ్చిన నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగలకి ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకి మించకుండా. 40 మందికి 40 మంది చేతులెత్తినా ఇది మారదు. కాబట్టి దాన్ని మెజారిటీ ప్రశ్నగా పెట్టకు. "పది తర్వాత కుదరదు, పదిలోపు ఏం చేద్దాం" అని మొదలుపెట్టు. పక్కింట్లో గుండె జబ్బు ఉన్న ముసలాయన, పదో తరగతి చదివే పిల్ల ఉంటారు. వాళ్లు మీ సంఘంలో సభ్యులు కారు, కానీ మీ నిర్ణయం భరించేది వాళ్లే. వాళ్ల తరఫున మాట్లాడే మనిషిని ఒకరిని మీటింగ్‌లో ముందుగానే పెట్టుకోండి. మా దగ్గర ఆ పని వంతులవారీగా చేస్తాం. ఈసారి ఎవరి వంతు వస్తే వాళ్లు సొంత ఇష్టం పక్కనపెట్టి బయటివాళ్ల వైపు నుంచే మాట్లాడాలి.

అలాగే డీజే సెట్ సభ్యుల్లో ఎవరి బావమరిదిదో అయితే ఆ సభ్యుడు ఆ విషయం ముందే చెప్పాలి, ఆ లావాదేవీలో ఓటు వేయకూడదు. నీకు కూడా ఇదే వర్తిస్తుంది.

నిర్ణయం అయ్యాక రాయడం దగ్గర చాలా సంఘాలు జారిపోతాయి. "లైబ్రరీ పెట్టాలని తీర్మానించడమైనది" అని రాసి సంతకాలు పెడతారు. దాన్ని నిర్ణయం అనలేం, అది కోరిక. ఇలా రాయి: "స్కూలు హెడ్‌మాస్టరు గారిని బల్ల అడిగే బాధ్యత ఫలానావారిది. గురువారంలోపు. పత్రికల ఖర్చు నెలకి ఇంతకు మించకూడదు. మూడు నెలల తర్వాత ఫలానా తేదీన మళ్లీ చూద్దాం." మనిషి పేరు, తేదీ, డబ్బు హద్దు, మళ్లీ చూసే రోజు. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా పని ఆగిపోతుంది. ఎవరి పేరూ రాయకుండా "కమిటీ చూసుకుంటుంది" అని రాస్తే ఎవరూ చూసుకోరు. వద్దన్నవాళ్ల కారణాలు కూడా అదే పేజీలో ఒక లైను రాయి. తన మాట పుస్తకంలోకి ఎక్కిందని తెలిస్తే ఓడినవాడు కూడా సంతకం పెడతాడు.

డబ్బు మాత్రం ఎవరి ఫోన్‌పేలోనూ ఉండకూడదు. నువ్వెంత నిజాయతీపరుడివైనా సరే. ఇద్దరి సంతకాలు ఉంటేగానీ తీయలేని బ్యాంకు ఖాతా తెరవండి. సంఘానికి రిజిస్ట్రేషన్ ఉంటే ఆ పని తేలిక. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు ఉంటే చాలు, మీరు 40 మంది ఉన్నారు. ఇప్పటికే మీకు రిజిస్ట్రేషన్ ఉంటే బైలాస్, అంటే సంఘం నియమావళి, తీసి చదువు. ప్రెసిడెంట్ ఒక్కడే ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో అందులో ఉండొచ్చు. నియంత అన్న మాటకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

బయటి నుంచి వచ్చే ఒత్తిడి గురించి నువ్వు అడగలేదు, కానీ వస్తుంది. ఎవరో నాయకుడు 50 వేలు ఇస్తానంటాడు, బదులుగా ఫ్లెక్సీ మీద ఫొటో వేయమంటాడు. ఆ మనిషి ఎదురుగా నిలబడ్డప్పుడు 23 ఏళ్ల కుర్రాడు ఆలోచించలేడు, నేనూ ఆలోచించలేకపోయాను. అందుకే ఎవరూ అడగకముందే మీలో మీరు నియమం రాసుకోండి. విరాళం ఎవరిచ్చినా రసీదు ఇస్తాం, పేరు లెక్కల కాగితంలో వేస్తాం, ఫ్లెక్సీ వేయం. అప్పుడు ఆయనతో "అన్నా, నా చేతుల్లో లేదు, సంఘం తీర్మానం" అని గౌరవంగా చెప్పగలవు.

ఇదంతా చదివి, ప్రతి దానికీ ఇంత తతంగమా అనిపించొచ్చు. టైమ్ లేనప్పుడు కూడా పనికొచ్చేది ఈ తతంగమే. 2009 అక్టోబరులో కృష్ణకి వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది మధ్య లంకల్లో ఉన్నవాళ్లు పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో కరకట్ట ఎక్కారు. ఆ రాత్రి మేం మీటింగ్ పెట్టలేదు. ఆ వేసవిలోనే ఒక పేజీ రాసి పెట్టుకున్నాం. ఆపద వస్తే మనుషుల సంగతి ఒకరు, వంట సంగతి ఒకరు, డబ్బు సంగతి ఒకరు చూడాలి. 5 వేల దాకా ఎవరినీ అడక్కుండా ఖర్చు పెట్టొచ్చు. ఎవరి విషయంలో వాళ్ల మాటే ఆఖరిది, ప్రెసిడెంట్ అయినా వినాలి. అరగంటలో స్కూల్లో పొయ్యిలు వెలిగాయి.

మనుషుల సంగతి చూసే బాధ్యత 21 ఏళ్ల కుర్రాడికి పడింది. అర్ధరాత్రి ఒక రైతు వచ్చి, గేదె కట్టుతాడుతో లంకలోనే ఉండిపోయింది, ఈత వచ్చినవాళ్లు ఇద్దరు వెళ్లి తాడు కోసి రండి అని బతిమాలాడు. ఇద్దరు కుర్రాళ్లు చొక్కాలు విప్పి సిద్ధమయ్యారు. ఇతను అడ్డం నిలబడి వద్దన్నాడు. చీకటి, నీటి వేగం తెలియదు, పడవ లేదు, వెళ్లడానికి వీల్లేదన్నాడు. ఆ గేదె దక్కలేదు. ఆ రైతు ఏడాది పాటు మా సంఘం వాళ్లతో మాట్లాడలేదు. ఆ కుర్రాడు చాలా రోజులు బాధపడ్డాడు, నేను తప్పు చేశానా అన్నా అని నన్ను మళ్లీ మళ్లీ అడిగాడు.

లేదు. అతను చేసింది సరైన పని. ఆ క్షణంలో తెలిసిన సంగతులని బట్టి ఆ నిర్ణయాన్ని చూడాలి, తర్వాత ఏం జరిగిందన్నదాన్ని బట్టి కాదు. మంచి నిర్ణయానికి కూడా ఒక్కోసారి నష్టం ఉంటుంది. చెడ్డ నిర్ణయం కూడా అదృష్టం బాగుండి గట్టెక్కుతుంది, అలా గట్టెక్కినదే మరుసటి ఏడాది మనల్ని ముంచుతుంది. అందుకే మీ పుస్తకంలో నిర్ణయం పక్కన "ఈ రోజుకి మనకి తెలిసింది ఇది" అని రెండు లైన్లు రాయించు. ఏడాది తర్వాత తిరగేస్తే ఎక్కడ తెలియక తప్పాం, ఎక్కడ తెలిసీ తప్పాం అన్నది కనిపిస్తుంది. నేర్చుకోవడం ఎలా అని అడిగావు కదా, నేను నేర్చుకున్నది అలాగే.

తప్పు తేలినప్పుడు అదే మీటింగ్‌లో, అదే మనుషుల ముందు "ఇది నా పొరపాటు, నాట్ల సంగతి నేను ఆలోచించలేదు" అని చెప్పేయాలి. రక్తదాన శిబిరం తర్వాత నేను ఆ మాట అనడానికి రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలల్లో ఆరుగురు సంఘానికి రావడం మానేశారు. అన్న తర్వాత నలుగురు తిరిగి వచ్చారు. మిగతా ఇద్దరూ రాలేదు. ఇప్పటికీ వాళ్లు ఎదురుపడితే నాకు బాధగానే ఉంటుంది.

ఈ ఆదివారం మీటింగ్ పెట్టుకుంటే తీర్మానం ఏమీ చేయొద్దు. చీటీలు రాయించి, అన్నీ గట్టిగా చదివించి, రాసుకుని లేచిపోండి. డబ్బు సంగతి పై వారానికి వాయిదా వేయి. ఈలోగా ట్రెజరర్‌ని కూర్చోబెట్టి 62 వేలలో చేతికొచ్చింది ఎంత, లడ్డూ పాట బాకీ ఎంత అని తేల్చు. ఆ రెండు అంకెలు, చీటీల్లో వచ్చిన ఇబ్బందులు ఇక్కడ రాయి. చేతిలో ఉన్నది ముప్పై వేలే అని తేలితే డీజే మాట, లైబ్రరీ మాట రెండూ వేరేగా మాట్లాడుకోవాల్సి వస్తుంది, అప్పుడు దానికి తగ్గట్టు చెబుతాను.